పోస్టింగ్ ఆర్డర్ నుంచి టి.ఏ. క్లెయిము వరకు: సైనిక కుటుంబాలకు ఇల్లు మార్పు మార్గదర్శి

సైన్యంలో, నౌకాదళంలో, వాయుసేనలో పనిచేసేవారి ఇళ్లలో రెండు మూడేళ్లకోసారి తట్టాబుట్టా సర్దుకోవడం మామూలే. అయినా ఆర్డర్ రాగానే చాలా ఇళ్లలో మొదట జరిగేది అట్టపెట్టెల కోసం, ప్యాకర్ల ఫోన్ నంబర్ల కోసం వెతుకులాట. నిజానికి సామాను సర్దడం కొద్ది రోజుల పని. నెలల తరబడి వెంటాడేవి వేరే ఉంటాయి: పాత బడి విడుదల చేయని టి.సి., అప్పగింత పూర్తికాని క్వార్టర్, పార్ట్ టూ ఆర్డర్‌లో (సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలు నమోదు చేసే ఆర్మీ ఉత్తర్వులో) చేరని బిడ్డ పేరు, గడువు దాటిపోయిన టి.ఏ. (ప్రయాణ భత్యం) క్లెయిము. పైగా లారీ వచ్చి వాకిట్లో నిలిచే రోజుకు జవాను ఇంట్లో ఉంటాడన్న హామీ లేదు. కోర్సుకో, సైనిక విన్యాసాలకో, ముందుగానే కొత్త యూనిట్‌కో వెళ్లి ఉండవచ్చు. అందుచేత కింద చెప్పిన ప్రతి దశనూ భర్త దగ్గర లేకపోయినా భార్య ఒక్కరే నడపగలిగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. భార్య యూనిఫాంలో ఉండి భర్త ఇల్లు చూసుకునే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

మొదటి దశ: వెంట వెళ్లాలా, ఉండిపోవాలా

ఆర్డర్‌లో ఊరి పేరుకన్నా ముందు చూడవలసింది అది పీస్ స్టేషనా (కుటుంబంతో ఉండగల సైనిక కేంద్రం), ఫీల్డ్ ఏరియానా (కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లలేని ప్రాంతం) అన్నది. పీస్ స్టేషన్ అయితే కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లవచ్చు, కానీ క్వార్టర్ చేరిన రోజే చేతికి వస్తుందని అనుకోకూడదు. ఫీల్డ్ అయితే కుటుంబం ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. నిబంధనలు అనుమతించినంత కాలం ఇప్పుడున్న క్వార్టర్‌లోనే కొనసాగడం ఒకటి. ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాల కోసం కొన్ని స్టేషన్లలో కేటాయించే సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్, అంటే అందరూ ఎస్.ఎఫ్. క్వార్టర్ అనేది, దానికి దరఖాస్తు చేసుకోవడం రెండోది. సొంతూరినో మరో పట్నాన్నో కుటుంబ నివాసంగా ప్రకటించుకుని అక్కడికి వెళ్లిపోవడం మూడోది.

సొంతూరు చౌకగా, ధైర్యంగా అనిపిస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో చాలా ఇళ్లలో ఒక ఫౌజీ, అంటే సైనికుడు, ఉంటాడు కాబట్టి కష్టం తెలిసిన తోడు దొరుకుతుంది. కానీ అన్ని ఊళ్లూ అలాంటివి కావు. మిలిటరీ హాస్పిటల్, క్యాంటీన్, కేంద్రీయ విద్యాలయం మూడూ దూరమైతే ఆదా చేసిన ఇంటద్దె ఆటోలకు, ప్రైవేటు ఆసుపత్రులకు పోతుంది. పిల్లల్లో ఎవరికైనా తరచూ వైద్యం అవసరమైతే ఎస్.ఎఫ్. క్వార్టర్ కోసం కొన్ని నెలలు ఆగడమే మేలని నా అభిప్రాయం. ఏ దారి ఎంచుకున్నా దాన్ని యూనిట్‌లో రాతపూర్వకంగా ప్రకటించాలి, ఎందుకంటే తరువాత వచ్చే ఇంటద్దె భత్యం (హెచ్.ఆర్.ఏ.), కుటుంబ ప్రయాణ ఖర్చు, సామాను రవాణా ఖర్చు అన్నీ ఆ ప్రకటన మీదే ఆధారపడతాయి.

రెండో దశ: కాగితాల సంచి

ఒక జిప్పు సంచి తీసుకుని అందులో పెట్టిన కాగితాలను లారీ ఎక్కనివ్వకుండా చేతిలోనే ఉంచుకోవాలి. పోస్టింగ్ ఆర్డర్, మూవ్‌మెంట్ ఆర్డర్ (ఏ తేదీన ఎక్కడికి కదలాలో చెప్పే ఉత్తర్వు) నకళ్లు, డిపెండెంట్ కార్డులు, క్యాంటీన్ స్మార్ట్ కార్డులు, ఆధార్, పాన్, పెళ్లి ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి కాగితాలు, ఆసుపత్రి రికార్డులు, బండి ఆర్.సి., బీమా, బ్యాంకు పాసుపుస్తకాలు, బంగారం అందులోకి వెళ్తాయి. ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవాలి. మూవ్‌మెంట్ ఆర్డర్ మాత్రం ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవలసినది కాదు. యూనిట్ పేరు, కదిలే తేదీ బయటివారికి అక్కరలేని సమాచారం. ప్యాకర్లకు కూడా ఇంటి చిరునామా, ఫోన్ నంబరు చాలు.

వీటన్నిటికన్నా ముందు సరిచూసుకోవలసింది సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలు. ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్, నౌకాదళంలో జెన్‌ఫారం, వాయుసేనలో పి.ఓ.ఆర్. ద్వారా పెళ్లి, బిడ్డ పుట్టుక వంటివి నమోదవుతాయి. అక్కడ పేరు లేని బిడ్డకు డిపెండెంట్ కార్డు రాదు, ప్రయాణ హక్కు ఉండదు. పుట్టింట కాన్పు జరిగి, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఒక తీరుగా, సర్వీసు రికార్డులో మరో తీరుగా ఉండటం మన వాళ్లలో తరచుగా కనిపించే చిక్కు. ఇంటిపేరు ముందు రాయడమా, వెనక రాయడమా అన్న దగ్గరే సగం తేడాలు వస్తాయి. పాత యూనిట్‌లో తెలిసిన క్లర్కు ఉండగానే దీన్ని సరిచేయించుకోవడం తేలిక.

మూడో దశ: పిల్లల చదువు

ఇల్లు మార్పు తేదీని వీలైనంత వరకు బడి క్యాలెండరే నిర్ణయించాలి. సి.బి.ఎస్.ఇ. బళ్లు ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలుపెడతాయి, మన రాష్ట్ర బోర్డు బళ్లు జూన్‌లో తెరుచుకుంటాయి. ఏప్రిల్, జూన్ మధ్య మారే పిల్లవాడు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్తున్నాడన్న దాన్ని బట్టి రెండు నెలల పాఠాలు కోల్పోతాడు, లేదా రెండు నెలలు ఖాళీగా ఉంటాడు.

బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాల్లో మొదటి ప్రాధాన్యం ఉంది. ఒక కె.వి. నుంచి మరో కె.వి.కి తండ్రి లేదా తల్లి బదిలీ మీద వెళ్లేటప్పుడు టి.సి. ఆధారంగా ప్రవేశం సులువు. కొత్తగా చేరేవారికి మాత్రం ప్రాధాన్యం లెక్కించేటప్పుడు గడిచిన 7 ఏళ్లలో తల్లిదండ్రులకు ఎన్ని బదిలీలు జరిగాయో చూస్తారు. అందువల్ల యూనిట్ ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్‌లో ప్రతి బదిలీ, తేదీలతో సహా, స్పష్టంగా ఉండాలి. ఒక్కటి తప్పిపోయినా వరుసలో వెనక్కి పోతారు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు, ఎయిర్‌ఫోర్స్ స్కూళ్లు, నేవీ చిల్డ్రన్ స్కూళ్లు కూడా సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమంలోనివే కనుక మార్పు పెద్ద కుదుపుగా ఉండదు.

పాత బడి నుంచి టి.సి., మార్కుల పత్రాలు తీసుకోవడంతో పని పూర్తి కాదు. ప్రతి విద్యార్థికీ యుడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ బడుల పోర్టల్‌లో ఒక శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. పాత బడి ఆ పోర్టల్‌లో పిల్లవాణ్ని విడుదల చేస్తేనే కొత్త బడి తమ జాబితాలోకి తెచ్చుకోగలదు. ఆఫీసు గుమాస్తా ముందు కూర్చుని అది కూడా చేయించుకునే బయటికి రావాలి. రాష్ట్ర బోర్డు బడి నుంచి వేరే రాష్ట్రానికి వెళ్తుంటే టి.సి. మీద జిల్లా విద్యాశాఖాధికారి ప్రతిసంతకం అడగవచ్చు. రెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి ఆ సంతకం తెప్పించుకోవడం ఎంత కష్టమో తెలిసిన వాళ్లు ఊరు విడవకముందే చేయించుకుంటారు.

తొమ్మిదో తరగతి, పదకొండో తరగతి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ తరగతుల్లోనే సి.బి.ఎస్.ఇ. రిజిస్ట్రేషన్ జరుగుతుంది, పదిలోనూ పన్నెండులోనూ అవే సబ్జెక్టులు కొనసాగాలి. నేరుగా పదిలోనో పన్నెండులోనో బడి మార్చాలంటే తల్లిదండ్రుల బదిలీ వంటి కారణం చూపి, బోర్డు అనుమతి పొందాలి. తెలుగును సబ్జెక్టుగా తీసుకున్న విద్యార్థికి బటిండాలోనో జోర్హాట్‌లోనో తెలుగు చెప్పే ఉపాధ్యాయులు దొరకరు. దీనికి ఎదురు చిక్కు తెలంగాణకు వచ్చేవారికి ఉంది: 2018 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలోని బళ్లలో బోర్డు ఏదైనా తెలుగు బోధించాలి. మాటలు వచ్చి అక్షరాలు రాని పిల్లలకు రావడానికి ముందు వేసవిలోనే ఇంట్లో గుణింతాలు దిద్దించడం మొదలుపెట్టాలి.

ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలు అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తించే విషయం స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి, ఇంటర్ లేదా పన్నెండో తరగతితో ముగిసే నాలుగేళ్లు వరుసగా రాష్ట్రంలో చదివి ఉండటం స్థానిక అభ్యర్థికి ప్రధానమైన కొలతగా ఉంటూ వస్తోంది. గుంటూరులో పుట్టిన పిల్లవాడు తొమ్మిది నుంచి పన్నెండు దాకా పుణెలోనో జబల్‌పూర్‌లోనో చదివితే, ఇంజనీరింగ్, మెడికల్ సీట్ల దగ్గరకు వచ్చేసరికి సొంత రాష్ట్రంలోనే స్థానికేతరుడిగా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. సైనికుల పిల్లలకు సడలింపులు ఏవైనా ఉంటే అవి కోర్సును బట్టి, ఏడాదిని బట్టి నోటిఫికేషన్లలో మారుతుంటాయి. ఆ ఏటి నోటిఫికేషన్‌ను స్వయంగా చదవాలి, తోటి ఫౌజీ చెప్పిన మాట మీద ఆధారపడకూడదు. ఇది కాక ఇంజనీరింగ్ వంటి ప్రవేశాల్లో సాయుధ దళాల పిల్లలకు సి.ఏ.పి. కోటా ఉంది. దానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి తెచ్చుకోవలసిన ధ్రువపత్రాల కోసం కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక పరిగెత్తకుండా, సెలవు మీద ఊరికి వచ్చినప్పుడే తెలుసుకుని ఉంచుకోవాలి. పిల్లవాడు ఎనిమిదో తరగతిలో ఉండగానే కుటుంబం ఈ లెక్క వేసుకుని, తొమ్మిది నుంచి తల్లీ పిల్లలూ హైదరాబాదులోనో విశాఖలోనో స్థిరపడాలా, అందరూ కలిసి తిరుగుతూ జాతీయ స్థాయి సీట్ల మీద దృష్టి పెట్టాలా అన్నది తేల్చుకోవాలి. రెండిట్లోనూ నష్టం ఉంది. నాలుగేళ్లు తండ్రికి దూరంగా పెరగడం చిన్న విషయమేమీ కాదు.

నాలుగో దశ: పాత ఇల్లు అప్పగించడం, కొత్త ఇల్లు వెతకడం

క్వార్టర్ ఖాళీ చేసే ప్రక్రియను మార్చింగ్ అవుట్ అంటారు. ఎం.ఇ.ఎస్. (సైనిక భవనాలు చూసుకునే ఇంజనీరింగ్ విభాగం) సిబ్బంది మీరు చేరిన రోజు సంతకం చేసిన జాబితా తెచ్చి ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు, కుళాయిలు, మంచాలు, కుర్చీలు ఒక్కొక్కటీ లెక్క చూస్తారు. లేనిదానికి, విరిగినదానికి డబ్బు కట్టించుకుంటారు. వచ్చిన రోజే ప్రతి గదినీ వీడియో తీసి, అప్పటికే ఉన్న పగుళ్లను జాబితా అంచున రాయించి ఉంటే ఇప్పుడు వాదన ఉండదు. అప్పగింత తేదీకి కనీసం రెండు వారాల ముందు ఇల్లంతా తిరిగి, చిన్న మరమ్మతులకు అప్పుడే ఫిర్యాదు నమోదు చేయించాలి. కరెంటు, నీళ్ల బిల్లులు, బడి, లైబ్రరీ, క్యాంటీన్ అన్నిటి క్లియరెన్సు కాగితం మీద సంతకాలు పూర్తయితేనే అప్పగింత అయినట్లు.

పిల్లలు బోర్డు తరగతుల్లో ఉంటే విద్యా సంవత్సరం ముగిసే దాకా క్వార్టర్ ఉంచుకునేందుకు స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు దరఖాస్తు చేయవచ్చు. అనుమతి కాగితం చేతికి వచ్చాకే దాన్ని నమ్ముకోవాలి. అనుమతి లేకుండా ఉన్న కాలానికి పడే అద్దె మామూలు లైసెన్సు ఫీజుకు, అంటే క్వార్టర్‌కు కట్టే సాధారణ అద్దెకు, ఎన్నో రెట్లు ఉంటుంది.

కొత్త స్టేషన్‌లో క్వార్టర్ కోసం వెయిటింగ్ జాబితాలో పేరు ఎక్కించడం జవాను చేరిన మొదటి రోజే జరగాలి; ఆ వరుస నెలల మీద నడిచే స్టేషన్లు ఉన్నాయి. అప్పటిదాకా గెస్ట్‌రూమ్ దొరుకుతుందా, ఎన్ని రోజులకు దొరుకుతుంది అన్నది కొత్త యూనిట్ ఎడ్జుటెంట్ (యూనిట్ పాలనా పనులు చూసే అధికారి) ఆఫీసుకో, అక్కడ ముందే ఉన్న తెలుగు కుటుంబానికో ఫోన్ చేసి కనుక్కోవాలి. ప్రతి కంటోన్మెంటులోనూ ఉగాదికి కలిసే మనవాళ్లు కొందరుంటారు. నిబంధనల పుస్తకంలో లేని సమాచారం, అంటే ఏ బ్లాకులో నీళ్లు రావు, ఏ ఆటోవాడు నమ్మకస్తుడు అన్నది, వాళ్ల దగ్గరే ఉంటుంది. బయట అద్దెకు తీసుకుంటే ఒప్పందంలో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించాలి: పోస్టింగ్ వస్తే ఒక నెల నోటీసుతో, అడ్వాన్సులో కోత లేకుండా ఖాళీ చేయవచ్చు అని. బెంగళూరు వంటి చోట్ల చాలా నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు కాబట్టి ఈ వాక్యం విలువ వేలల్లో కాదు, లక్షల్లో ఉండవచ్చు.

ఐదో దశ: డబ్బు లెక్క

బదిలీకి ప్రభుత్వం ఇచ్చేది రెండు రకాలు. ఒకటి కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్, అందరి నోటా సి.టి.జి. ఏడో వేతన సంఘం తరువాత 2017లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం 20 కిలోమీటర్లకు మించిన బదిలీకి ఇది చివరి నెల మూల వేతనంలో 80 శాతం. అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లకు వెళ్లినా, అక్కడి నుంచి వచ్చినా 100 శాతం. సైనికులకు మూల వేతనం మీద అదనంగా వచ్చే మిలిటరీ సర్వీస్ పే ఈ లెక్కలో చేరదు. దీనికి ఖర్చు రసీదులు చూపనక్కరలేదు.

రెండోది సామాను రవాణా. ఇది అయిన ఖర్చుకే, అదీ ఒక పరిమితి వరకే. అవే ఉత్తర్వుల్లో పే లెవెల్ (హోదాను బట్టి ఉండే జీతపు స్థాయి) 6, ఆపైవారికి 6,000 కిలోలు, రోడ్డు మీద కిలోమీటరుకు 50 రూపాయలు. లెవెల్ 5 వారికి 3,000 కిలోలు, 25 రూపాయలు. లెవెల్ 4, ఆ కింది వారికి 1,500 కిలోలు, 15 రూపాయలు. సిపాయి లెవెల్ 3, నాయక్ 4, హవల్దార్ 5, నాయబ్ సుబేదార్ 6. కరవు భత్యం 50 శాతం పెరిగినప్పుడు ఈ కిలోమీటరు రేట్లు 25 శాతం పెరగాలన్న నియమం ఉంది, 2024 జనవరి నుంచి కరవు భత్యం 50 శాతానికి చేరింది. ఇప్పుడు అమలులో ఉన్న రేటును క్లర్కు దగ్గర ఖాయం చేసుకున్నాకే ప్యాకర్లతో బేరం మొదలుపెట్టాలి.

ఒక హవల్దార్ కుటుంబాన్ని తీసుకుందాం. మూల వేతనం 40,000 రూపాయలు, దూరం 2,000 కిలోమీటర్లు అనుకుంటే సి.టి.జి. 32,000, రవాణా గరిష్ఠ పరిమితి పాత రేటులో 50,000, పెరిగిన రేటులో 62,500. ప్యాకర్ల బిల్లు 58,000 అయితే పెరిగిన రేటులోనూ వచ్చేది 58,000 మాత్రమే. కొత్త ఇంటి అడ్వాన్సు, బడి ఫీజులు, పరదాలు, గ్యాస్ డిపాజిట్ అన్నీ ఆ 32,000లోనే సర్దుకోవాలి, చాలా చోట్ల అది చాలదు. కదలడానికి ముందే టి.ఏ. అడ్వాన్సు తీసుకునే వీలుంది. తీసుకుంటే మాత్రం క్లెయిము గడువులోపు పెట్టి తీరాలి, లేకపోతే వడ్డీతో సహా జీతంలో పట్టుకుంటారు.

ఆరో దశ: లారీ మనిషిని ఎంచుకోవడం

పేరున్న సంస్థ పేరును పోలిన పేర్లతో ఇంటర్నెట్‌లో ప్రకటనలు ఇచ్చి, తక్కువ రేటు చెప్పి, సామాను ఎక్కించాక దారిలో ఎక్కువ డబ్బు అడిగే ముఠాలు చాలా ఉన్నాయి. కంటోన్మెంట్లు వాళ్లకు మంచి వేట స్థలం, ఎందుకంటే కుటుంబం తొందరలో ఉందని, మళ్లీ ఈ ఊరికి రాదని వాళ్లకు తెలుసు. ఫోన్‌లో వస్తువులు చదివించుకుని రేటు చెప్పేవాణ్ని కాకుండా, ఇంటికి మనిషిని పంపి గదిగదికీ లెక్క రాసుకునేవాణ్ని ఎంచుకోవాలి. ఆ లెక్క, రేటు, పన్ను, టోల్, ఎక్కించే దించే కూలి, మెట్ల మీద మోసే ఖర్చు, చేరే తేదీ అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. లారీ మొత్తం మనదేనా, వేరే వాళ్ల సామానుతో కలిపి పంపుతారా అన్నది అడగాలి. కలిపి పంపితే చౌకే, కానీ దారిలో గోదాములో దించి మరో లారీకి ఎక్కిస్తారు. పగిలేవి ఎక్కువగా అక్కడే పగులుతాయి.

అడ్వాన్సు కొంతే ఇచ్చి, మిగిలింది సామాను దించాక, అదీ బ్యాంకు ద్వారానే చెల్లించాలి. లారీ నంబరు ఉన్న లారీ రసీదు, జి.ఎస్.టి. బిల్లు, డబ్బు ముట్టినట్లు రసీదు మూడూ క్లెయిముకు కావాలి కాబట్టి ఇవి ఇవ్వనివాడితో బేరమే వద్దు. బిల్లు ఎంతకు వేయమంటారు అని కన్నుగీటే ట్రాన్స్‌పోర్టరు ప్రతి స్టేషన్‌లోనూ ఉంటాడు. ఆడిట్‌లో లారీ నంబరు, టోల్ వివరాలు సరిచూసినప్పుడు ఇరుక్కునేది అతను కాదు, యూనిఫాం వేసుకున్న మనిషి. నాలుగు వేల కోసం ఇరవై ఏళ్ల సర్వీసును పణంగా పెట్టడం తెలివైన పని కాదు. దారిలో నష్టానికి బీమా తీసుకుంటే, వస్తువుల విలువ జాబితాను దానికి జత చేయించి ప్రతి పేజీ మీదా సంతకం చేయించుకోవాలి.

ఏడో దశ: సర్దడం

ఫౌజీ ఇంటి నల్ల ట్రంకు పెట్టెల మీద తెల్ల రంగుతో పేరు రాయడం పాత అలవాటు. మూడు పోస్టింగులు తిరిగిన పెట్టె మీద మూడు చిరునామాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, గోదాములో హమాలీ ఏది కనిపిస్తే దాన్ని చదువుతాడు. పాతవి నల్లరంగు పూసి పూర్తిగా కప్పి, పేరు, ఫోన్ నంబరు, చేరవలసిన ఊరు, మొత్తం పెట్టెల్లో ఇది ఎన్నోదన్న సంఖ్య, ఉదాహరణకు 7/24, మూత మీద ఒకసారి, పక్కన ఒకసారి రాయాలి. అదే సంఖ్యతో ఒక నోటుపుస్తకంలో లోపల ఏమున్నదీ రాసుకుంటే, చేరిన రాత్రి పిల్లల దుప్పట్ల కోసం ఇరవై పెట్టెలు విప్పనక్కరలేదు.

ఎక్కువగా పాడయ్యేవి యంత్రాలు. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి. నిలువుగానే తీసుకువెళ్లాలి, దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌కు కొన్నప్పుడు వెనకవైపు పొడవాటి ట్రాన్సిట్ బోల్టులు ఉంటాయి. వాటిని తిరిగి బిగించకుండా లారీ ఎక్కిస్తే గుంతల్లో డ్రమ్ము ఊగి, దాన్ని పట్టి ఉంచే భాగాలు తెగుతాయి. మెకానిక్కు తీసి పారేసి ఉంటే కంపెనీ సర్వీసు సెంటరులో అడిగి తెచ్చుకోవాలి. వెట్ గ్రైండరులో రాళ్లు తీసి, ఒక్కొక్క దాన్నీ పాత చీరలో చుట్టి చిన్న పెట్టెలో పెట్టాలి. పెద్ద పెట్టెలో గిన్నెలతో పాటు వేస్తే గిన్నెల రూపం మారిపోతుంది. ఆవకాయ జాడీలు లారీలో పంపవద్దు. నూనె కారిన పెట్టె పక్కనున్న పట్టుచీరల పెట్టెను కూడా పాడు చేస్తుంది. బిగువైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, చేతి సామానులో తీసుకువెళ్లాలి, మిగిలింది ఇరుగుపొరుగుకు పంచాలి. రెండేళ్లుగా విప్పని పెట్టె ఏదైనా ఉంటే అందులోని వస్తువులు కొత్త ఊరికీ అక్కరలేదు.

గ్యాస్ సిలిండరు, పెట్రోలు, కిరోసిన్ వంటివి సామానులో పోకూడదు. సిలిండర్లు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టెర్మినేషన్ వోచరు పుచ్చుకోవాలి. కొత్త ఊళ్లో దాన్ని చూపి కనెక్షన్ తీసుకోవచ్చు. పొయ్యి మనదే, వెంట వస్తుంది.

ఎనిమిదో దశ: బండ్లు

లెవెల్ 6, ఆపైవారికి ఒక కారు లేదా ఒక మోటారు సైకిల్, కిందివారికి ఒక మోటారు సైకిల్ లేదా స్కూటరు ప్రభుత్వ ఖర్చుతో తీసుకువెళ్లే హక్కు ఉంది. రైల్లో మోటారు సైకిల్ పంపాలంటే పార్సెల్ ఆఫీసుకు ఆర్.సి., గుర్తింపు కార్డు నకళ్లు తీసుకువెళ్లాలి, ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, గోనె, గడ్డితో ప్యాకింగ్ చేయించాలి. అద్దాలు విప్పి ఇంటి సామానులో వేసుకోవడం మంచిది.

వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్.టి.ఓ. ఇచ్చే ఎన్.ఓ.సి. కావాలి, బండి లోను ఉంటే బ్యాంకు అంగీకారం కూడా కావాలి. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాక, పాత రాష్ట్రంలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త బండి కొనేవారు, తామున్న రాష్ట్రంలో ఇస్తుంటే, 2021 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన భారత్ సిరీస్ నంబరు తీసుకోవడం తెలివైన పని. రక్షణ దళాల వారికి అది అందుబాటులో ఉంది, పన్ను రెండేళ్ల లెక్కన కడతారు, రాష్ట్రం మారినప్పుడల్లా నంబరు మార్చనక్కరలేదు.

తొమ్మిదో దశ: ప్రయాణం, చేరిన మొదటి వారాలు

రైలు టికెట్లను వారెంటు (డబ్బు కట్టకుండా టికెట్ ఇప్పించే యూనిట్ కాగితం) మీద కానీ, డిఫెన్స్ ట్రావెల్ సిస్టం అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా కానీ తీసుకోవచ్చు. సీట్లు దొరకకపోతే సికింద్రాబాద్ వంటి పెద్ద స్టేషన్లలో ఉండే మూవ్‌మెంట్ కంట్రోల్ ఆఫీసులో సైనిక కోటా గురించి అడగాలి. జవాను ముందు వెళ్లి, కుటుంబం తరువాత వెళ్లినా ప్రయాణ హక్కు ఉంటుంది, కానీ దానికి కాలపరిమితి ఉంది. చివరి తేదీని క్లర్కు చేత మూవ్‌మెంట్ ఆర్డర్ నకలు మీదే రాయించుకోవడం మంచిది. మందులు వాడేవారికి కనీసం ఒక నెలకు సరిపడా వెంట ఉండాలి.

చేరాక మొదటి పని మిలిటరీ హాస్పిటల్‌లో, విశాఖ అయితే నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణిలో, కుటుంబం పేర్లు నమోదు చేయించడం. గర్భిణులు, దీర్ఘకాల రోగులు పాత ఆసుపత్రి రిఫరల్ కాగితాలతో మొదటి వారంలోనే వైద్యుణ్ని కలవాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆర్మీ కుటుంబాల సంక్షేమ సంఘం ఏ.డబ్ల్యూ.డబ్ల్యూ.ఏ. పలు స్టేషన్లలో ఆశా స్కూళ్లు నడుపుతోంది. అలాంటి బిడ్డ ఉన్న కుటుంబం ఆ సౌకర్యం ఉన్న స్టేషన్ కోసం పోస్టింగ్‌కు ముందే విజ్ఞప్తి పెట్టుకోవాలి, ఆర్డర్ వచ్చాక కాదు. బి.ఇడి. చదివిన భార్యలు ఆర్మీ పబ్లిక్ స్కూళ్ల ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్టు స్కోర్‌కార్డు సంపాదించుకుంటే, దాన్ని ఊరు మారినా వేరే ఆర్మీ పబ్లిక్ స్కూల్లో చూపుకోవచ్చు. ఓటు విషయంలో, సొంతూరి జాబితాలో సర్వీసు ఓటరుగా ఉన్న జవానుతో కలిసి నివసించే భార్య పేరు కూడా అక్కడే సర్వీసు ఓటరుగా నమోదు కావచ్చు.

పదో దశ: క్లెయిము

బదిలీ టి.ఏ. క్లెయిముకు ఒకప్పుడు ఏడాది గడువు ఉండేది. 2018లో కేంద్రం దాన్ని ప్రయాణం ముగిసిన నాటి నుంచి 60 రోజులకు తగ్గించింది. కొత్త ఊళ్లో బడి, ఇల్లు, గ్యాస్ చుట్టూ తిరిగేసరికి రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. కాబట్టి సామాను దిగిన వారంలోనే టికెట్లు, లారీ రసీదు, జి.ఎస్.టి. బిల్లు, బ్యాంకు చెల్లింపు వివరం, బండి పంపిన రసీదు, మూవ్‌మెంట్ ఆర్డర్ ఒకచోట పెట్టి ఫారం నింపాలి. కుటుంబం తరువాత వస్తే రెండు భాగాలుగా క్లెయిము పెట్టుకోవచ్చా అని ముందే అడగాలి.

ఆర్మీ అధికారుల క్లెయిములు పుణెలోని పి.సి.డి.ఏ. ఆఫీసర్స్ అనే రక్షణ ఖాతాల కార్యాలయానికి వెళ్తాయి, జవాన్లవి ఏ ఖాతాల కార్యాలయానికి వెళ్తాయో యూనిట్ క్లర్కును అడగాలి. నౌకాదళానికి ముంబైలో, వాయుసేనకు ఢిల్లీలో కేంద్రీకృత జీతాల కార్యాలయాలున్నాయి. పంపేముందు ప్రతి పేజీనీ స్కాన్ చేసి, యూనిట్ పంపిన లేఖ నంబరు, తేదీ రాసుకోవాలి. అభ్యంతరంతో తిరిగి వస్తే సాధారణంగా కారణం మూడింటిలో ఒకటి: రసీదు మీద లారీ నంబరు లేకపోవడం, బిల్లులో ఉన్న పేరు సర్వీసు రికార్డుతో కలవకపోవడం, ప్రయాణించిన కుటుంబ సభ్యుడి పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో కనిపించకపోవడం. మొదటి రెండింటికీ ట్రాన్స్‌పోర్టరు నుంచి సరిచేసిన బిల్లు తెప్పించుకోవాలి, అందుకే అతని ఫోన్ నంబరు క్లెయిము పాసయ్యేదాకా తీసేయకూడదు. మూడోదానికి సర్వీసు రికార్డులు ఉంచే రికార్డ్ ఆఫీసుతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి. ఆ జవాబు వచ్చేదాకా ఆలస్యానికి కారణం చూపుతూ యూనిట్ ద్వారా ఒక మధ్యంతర లేఖ పంపిస్తే, క్లెయిము గడువులోనే పెట్టారన్న సాక్ష్యం ఫైలులో ఉంటుంది.